డిస్‌ప్లే వెలిగినా శబ్దం చిరిగిన సింథ్: ఒక అడాప్టర్ కేసు

ఎలక్ట్రానిక్ వాద్యాల రిపేరు నా వృత్తి. నా బల్ల మీదికి వచ్చే సెకండ్ హ్యాండ్ సింథసైజర్లలో చాలావాటితో అసలు అడాప్టర్ రాదు. వాద్యం చేతులు మారుతుంది, అడాప్టర్ మాత్రం పాత యజమాని సొరుగులోనే ఉండిపోతుంది. కొన్నవాళ్లు సాకెట్‌లో పట్టే అడాప్టర్ ఏదో ఒకటి తెచ్చి పెడతారు. అది తప్పుదైతే ఎక్కువసార్లు వాద్యం అసలు వెలగదు, లేదంటే లోపల ఏదో కాలుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో తొందరగానే తెలిసిపోతుంది. ఈ కేసులో తప్పు అడాప్టర్ ఏదీ కాల్చలేదు. వాద్యాన్ని ముప్పావు వంతు చక్కగా పని చేయించింది. అందుకే చాలా రోజులపాటు ఎవరి అనుమానమూ దాని మీదికి వెళ్లలేదు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే. యజమానిని, వాద్యం మోడల్‌ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

వాద్యం 1990ల నాటి డిజిటల్ సింథసైజర్. ఎల్‌సీడీ తెర, మిడి సాకెట్లు (వాయించిన కీల సమాచారాన్ని ఇంకో వాద్యానికి పంపేవి), స్టీరియో అవుట్‌పుట్, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నాయి. పవర్ సప్లై లోపల లేదు, బయటి అడాప్టర్ మీదే నడుస్తుంది. వెనక పవర్ సాకెట్ పక్కన అచ్చు సగం చెరిగిపోయింది. ‘9’ అన్న అంకె, వోల్టుల గుర్తు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత ఉండాల్సిన చిన్న గుర్తు, కరెంటు అంకె గీతలు పడి పోయాయి. ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) కావాలో డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కావాలో చెప్పేది ఆ చిన్న గుర్తే.

కొన్న యువకుడు కీబోర్డు వాయిస్తాడు, ఎలక్ట్రానిక్స్ మీద కొంత ఆసక్తి ఉంది. అమ్మినాయన నిజాయితీగానే చెప్పాడు: అడాప్టర్ లేదు, వాద్యం ఏళ్లుగా మూలన పడి ఉంది, చివరిసారి వాయించినప్పుడు బాగానే ఉంది. ఇతను ఓల్టేజీ, పొలారిటీ (ఏ పిన్ను ప్లస్, ఏది మైనస్ అన్నది) మార్చుకోగలిగే యూనివర్సల్ అడాప్టర్ ఒకటి తెచ్చాడు. 9 వోల్టులకు పెట్టి, మధ్య పిన్ను మైనస్‌గా ఉంచి ఇచ్చాడు. ఏమీ వెలగలేదు. స్విచ్ తిప్పి మధ్య పిన్నును ప్లస్ చేశాడు. తెర వెలిగింది, ప్యాచ్ (లోపల దాచి ఉన్న టోన్) పేరు వచ్చింది, బటన్లన్నీ పలికాయి. దాంతో సరైన పొలారిటీ దొరికిందనుకున్నాడు.

ఆ నిర్ణయం పైకి చాలా సబబుగా కనిపిస్తుంది. ఒకవైపు పెడితే చచ్చిపోయింది, రెండోవైపు పెడితే బతికింది. ఇంతకంటే రుజువేం కావాలి? కానీ ఆ ప్రయోగానికి అదే ఫలితం ఇంకో కారణం వల్ల కూడా వస్తుంది. అది కిందికి వెళ్లాక చెబుతాను.

సమస్య

శబ్దం సరిగా లేదు. మెల్లగా నొక్కితే ఏమీ వినిపించదు. గట్టిగా కొడితే స్పీకర్ చిరిగినట్టు గరగరలాడే శబ్దం ఒక్క క్షణం వచ్చి తెగిపోతుంది. ప్యాడ్, స్ట్రింగ్స్ లాంటి మెత్తని టోన్లు అసలు రావు. బ్రాస్, డ్రమ్స్ ముక్కలు ముక్కలుగా వస్తాయి. లోపల ఉన్న డెమో పాట కూడా అంతే.

మొదట అతను ఓల్టేజీ 12కు పెంచి చూశాడు. శబ్దం కొంచెం పెద్దదైంది, చిరుగు పోలేదు. కరెంటు చాలడం లేదేమోనని 9 వోల్టుల, 3 ఆంపుల మంచి రెగ్యులేటెడ్ అడాప్టర్ కొన్నాడు. ఏమీ మారలేదు. అప్పుడు ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాడు. అక్కడ అవుట్‌పుట్ సాకెట్లు శుభ్రం చేశారు, చివరి దశలో శబ్ద సంకేతాన్ని పెంచే 4558 ఆప్‌ఆంప్ ఐసీ మార్చారు. శబ్దం అలాగే ఉంది. డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే డీఏసీ చిప్ పోయి ఉంటుందనీ, అది ఇప్పుడు దొరకడం కష్టమనీ చెప్పారు. ఆ దశలో వాద్యం నా దగ్గరికి వచ్చింది.

షాపువాళ్ల ఆలోచనను నేను తప్పుపట్టను. ఫిర్యాదు శబ్దం గురించి వచ్చింది, శబ్దం ఆప్‌ఆంప్ గుండానే బయటికి పోతుంది. అనుమానితుల వరసలో అది ముందుండడం సహజమే. వాళ్లూ, యజమానీ ఒకే మెట్టు దాటేశారు: కరెంటు సరిగా వస్తోందని రుజువు లేకుండానే ఒప్పుకున్నారు. “తెర వెలుగుతోంది కదండీ, పవర్ బాగున్నట్టే కదా” అని అతను నాతో కూడా అన్నాడు. తెర వెలగడం వల్ల తెరకు కావలసిన కరెంటు అందుతోందని మాత్రమే తెలుస్తుంది. ఇలాంటి సింథ్‌లో కనీసం మూడు రకాల ఓల్టేజీలు ఉంటాయి: డిజిటల్ భాగానికి 5 వోల్టులు, అనలాగ్ భాగానికి ఒక ప్లస్ ఓల్టేజీ, ఒక మైనస్ ఓల్టేజీ. వాటిలో ఒకటి లేకపోయినా మిగతావి ఉన్నంత మేరకు వాద్యం ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

తెరవకముందు చూసినవి

స్క్రూలు విప్పకముందే బయటినుంచి తేల్చగలిగినవి తేల్చుకున్నాను. మిడి అవుట్ నుంచి కేబుల్ తీసి ఇంకో సౌండ్ మాడ్యూల్‌కు పెట్టి వాయిస్తే మాడ్యూల్ చక్కగా పలికింది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. అంటే కీలు, వాటి వేగం చదివే సర్క్యూట్, ప్రాసెసర్ అన్నీ బాగున్నాయి. మిడి 1983లో వచ్చిన పద్ధతి, ఇలాంటి పాత వాద్యాల్లో దాని అవుట్‌పుట్ 5 వోల్టుల మీద నడుస్తుంది. కాబట్టి 5 వోల్టుల లైను నిలకడగా ఉందన్నమాట.

హెడ్‌ఫోన్‌లోనూ వెనక లైన్ అవుట్‌లోనూ, ఎడమ కుడి రెండింటిలోనూ చిరుగు ఒకేలా ఉంది. నాకు అన్నిటికంటే విలువైన ఆధారం ఇదే. నాలుగు దారుల్లో ఒకే రోగం కనిపిస్తే ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. ఒక ఆప్‌ఆంప్ పోతే ఒక దారి, మహా అయితే రెండు దారులు దెబ్బతింటాయి. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: డీఏసీ, అనలాగ్ భాగానికి వచ్చే కరెంటు. డీఏసీ పోతే సాధారణంగా హోరు, చిటపటలు లేదా పూర్తి నిశ్శబ్దం వస్తాయి. ఇక్కడ మెల్లని శబ్దం మాయమై పెద్ద శబ్దంలో శిఖరాలు మాత్రమే బయటికి వస్తున్నాయి. ఆప్‌ఆంప్‌కు మైనస్ ఓల్టేజీ లేకపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. సంగీతపు తరంగం సున్నాకు పైకీ కిందికీ ఊగాలి. మైనస్ వైపు ఓల్టేజీ లేకపోతే ఆప్‌ఆంప్ కిందికి వెళ్లలేదు. పైగా 4558 లాంటి పాత ఐసీలు తమ కింది ఓల్టేజీకి మరీ దగ్గరగా కూడా రాలేవు, ఒకటి రెండు వోల్టుల ఎడం ఉంచుతాయి. అంతకంటే ఎత్తుకు లేచే శిఖరాలే దాటుతాయి. మిగతాదంతా నేలను పట్టుకుని ఉండిపోతుంది.

కొలత

తెరిచాక మల్టీమీటర్‌తో మొదట ఆప్‌ఆంప్ కాళ్లే చూశాను. 4558లో 8వ కాలు ప్లస్, 4వ కాలు మైనస్. 8వ కాలు దగ్గర సుమారు 6.4 వోల్టులు ఉన్నాయి, 4వ కాలు దగ్గర దాదాపు సున్నా. పక్కనే ఉన్న 7808, 7908 రెగ్యులేటర్లను (ఓల్టేజీని స్థిరంగా ఉంచే ఐసీలు) బట్టి అక్కడ ప్లస్ 8, మైనస్ 8 ఉండాలి. డిజిటల్ భాగానికి ఉన్న 7805 మాత్రం నిక్కచ్చిగా 5 వోల్టులు ఇస్తోంది.

7908 పోయిందా అన్నది సహజంగా వచ్చే తర్వాతి ప్రశ్న. దాని లోపలికి వెళ్లే కాలు కొలిచాను, అక్కడా సున్నాయే. రెగ్యులేటర్‌కు తిండే అందడం లేదు. అక్కడి నుంచి వెనక్కి, పవర్ సాకెట్ దాకా రాగి గీతను పట్టుకుని వెళ్లాను.

సాకెట్‌లో ఒక పిన్ను నేరుగా గ్రౌండ్‌కు (సున్నా వోల్టుల లైను) వెళ్తోంది. రెండో పిన్ను నుంచి రెండు డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి) బయల్దేరాయి, ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి ఉన్నాయి. మొదటి డయోడ్ తర్వాత పెద్ద కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచేది), దాని మైనస్ కాలు గ్రౌండ్‌కు. రెండో డయోడ్ తర్వాత ఇంకో పెద్ద కెపాసిటర్, దాని ప్లస్ కాలు గ్రౌండ్‌కు. దీనికి ఒక్కటే అర్థం. ఈ వాద్యానికి కావలసింది 9 వోల్టుల ఏసీ. ఏసీలో ఓల్టేజీ ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అవుతుంది. ప్లస్ అయినప్పుడు మొదటి డయోడ్ ఒక కెపాసిటర్‌ను నింపుతుంది, మైనస్ అయినప్పుడు రెండోది రెండో కెపాసిటర్‌ను నింపుతుంది. రెండే తీగలతో ప్లస్, మైనస్ రెండూ పుట్టించే చవకైన ఉపాయం ఇది. ఆ కాలంలో చాలా సింథ్‌లు, ఎఫెక్ట్ యూనిట్లు, చిన్న మిక్సర్లు ఇలాగే చేశారు. అలెసిస్ ఎస్‌ఆర్-16 డ్రమ్ మెషీన్ కూడా 9 వోల్టుల ఏసీ అడాప్టర్‌తోనే వచ్చింది.

పొలారిటీ ప్రయోగం ఎందుకు మోసం చేసిందో ఇక్కడ తెలిసింది. మధ్య పిన్ను ప్లస్ అయ్యేలా డీసీ ఇస్తే మొదటి డయోడ్ తెరుచుకుంటుంది. 9 వోల్టుల్లో 0.7 వోల్టు డయోడ్‌లో పోయి 8.3 మిగులుతుంది. 7805కు 7 వోల్టులు చాలు కాబట్టి డిజిటల్ భాగం హాయిగా నడుస్తుంది. 7808కు దాదాపు 10 కావాలి, అందుకే అది కుంటుతూ 6.4 ఇచ్చింది. 12 వోల్టులు పెట్టినప్పుడు శబ్దం కొంచెం పెద్దదవడానికి కారణం కూడా అదే, 7808 తేరుకుంది. మైనస్ వైపుకు మాత్రం ఏమీ చేరదు. పొలారిటీ తిప్పితే మైనస్ వైపే నిండుతుంది, 5 వోల్టులు పుట్టవు, వాద్యం చచ్చినట్టు కనిపిస్తుంది. ఈ రకం సర్క్యూట్ ఉన్న ఏసీ వాద్యానికి డీసీ ఇచ్చి పొలారిటీ వెతికితే ఎప్పుడూ ఒకవైపు ‘సరైనది’గానే తేలుతుంది.

ఏసీ ఇచ్చే ముందు ఆగిన చోటు

సర్క్యూట్ అర్థమైనా వెంటనే ఏసీ పెట్టలేదు. డీసీ కావలసిన వాద్యానికి ఏసీ ఇవ్వడం, ఏసీ కావలసిన దానికి డీసీ ఇవ్వడం కంటే చాలా ప్రమాదకరం. లోపల రక్షణ డయోడ్ లేకపోతే కెపాసిటర్లు ప్రతి చక్రంలోనూ తిరగబడిన ఓల్టేజీ చూస్తాయి, వేడెక్కి ఉబ్బుతాయి, పగలవచ్చు. కాబట్టి ఈ నిర్ణయం ఒక్క ఆధారం మీద నిలబడకూడదు. నా దగ్గర మూడున్నాయి: ఎదురెదురుగా ఉన్న డయోడ్లు, ప్లస్ కాలు గ్రౌండ్‌లో ఉన్న కెపాసిటర్, 7908 ఉండడం. ఒంటరి 7908ని చూసి ఏసీ అనుకోకూడదు. డీసీ తీసుకుని లోపలే మైనస్ పుట్టించుకునే వాద్యాలూ ఉన్నాయి. ఇక్కడ మూడూ ఒకే కథ చెప్పాయి. సర్వీస్ మాన్యువల్ సంపాదించి చూస్తే అందులోనూ ఏసీ అనే ఉంది.

బల్ల మీద ఉన్న 9 వోల్టుల, 1.5 ఆంపుల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజ్ కలిపి వాద్యానికి ఇచ్చాను. కెపాసిటర్ల మీద ప్లస్ 12, మైనస్ 13.2 వోల్టులు. 9 వోల్టుల ఏసీ శిఖరం 12.7 దాకా ఉంటుంది, లోడ్ తక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది కాబట్టి ఈ అంకెలు సబబే. ఆప్‌ఆంప్ దగ్గర ప్లస్ 8, మైనస్ 8 కచ్చితంగా వచ్చాయి. స్ట్రింగ్స్ ప్యాచ్ పెట్టి మెల్లగా ఒక కార్డ్ పట్టుకున్నాను. శబ్దం నిండుగా, నున్నగా వచ్చింది. మార్చాలన్న డీఏసీకి ఏమీ కాలేదు.

విఫలమైనది

కేసు అక్కడితో ముగియలేదు. యజమానికి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కొనమన్నాను, కనీసం 1 ఆంప్ ఉండాలని రాసిచ్చాను. అతనికి దొరికింది 300 మిల్లీఆంపులది. వాద్యం డీసీ వైపు వాడుకునేది 250 మిల్లీఆంపులే అని నేను చెప్పి ఉన్నాను కదా, చాలుతుందనుకున్నాడు. పెట్టాక శబ్దం వచ్చింది గానీ వెనక గుయ్‌మని హమ్, రెండు చేతులతో వాయిస్తే మధ్యలో రీసెట్. అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడి.

ఏసీ అడాప్టర్ విషయంలో చాలామంది జారేది ఇక్కడే. కెపాసిటర్ మొత్తం చక్రంలో శిఖరం దగ్గర కొద్దిసేపే నిండుతుంది. సగటున 250 మిల్లీఆంపులు కావాలంటే ఆ కాస్త సమయంలోనే పెద్ద పెద్ద గుక్కల్లో లాగాలి. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కేది ఆ గుక్కల లెక్కన. ఒకే డయోడ్‌తో నింపే ఈ రకం సర్క్యూట్‌లో ఏసీ వైపు కరెంటు డీసీ వైపు కరెంటుకు రెట్టింపును సులువుగా దాటుతుంది, మూడు రెట్ల పైనా వెళ్తుంది. దానికి తోడు ప్లస్ వైపు బరువు ఎక్కువ, మైనస్ వైపు తక్కువ. ఆ అసమానత ట్రాన్స్‌ఫార్మర్ ఇనుమును ఒకవైపుకు లాగి ఇంకా వేడి చేస్తుంది. అందుకే 250 మిల్లీఆంపులకు నేను 1 ఆంప్ అడిగాను. అతని అడాప్టర్ లోడ్ లేనప్పుడు 11.2 వోల్టులు చూపించింది, వాద్యం తగిలించాక 7.1కి పడిపోయింది.

పనిచేసినది

1 ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ దొరికాక రీసెట్‌లు పోయాయి, అడాప్టర్ గోరువెచ్చగా మాత్రమే ఉంది. హెడ్‌ఫోన్‌లో చెవి పెట్టి వింటే మాత్రం సన్నని హమ్ ఇంకా ఉంది. నా ట్రాన్స్‌ఫార్మర్‌తో కూడా అది లీలగా వినిపించింది కాబట్టి అడాప్టర్ తప్పు కాదని తెలుసు. ప్లస్ వైపు కెపాసిటర్ మీద రాసి ఉన్నది 2200 మైక్రోఫ్యారడ్లు. తీసి కొలిస్తే 1300 దగ్గర ఉంది. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ అయితే ఈ రకం సర్క్యూట్‌లో కెపాసిటర్ సెకనుకు 50 సార్లే నిండుతుంది. రెండు నింపుళ్ల మధ్య కొత్త కెపాసిటర్ 2.3 వోల్టుల దాకా జారితే, ఈ ముసలి కెపాసిటర్ 3.8 దాకా జారుతుంది. అంటే ప్రతి చక్రంలోనూ ఓల్టేజీ 10 కిందికి దిగి 7808ని ఒక్క క్షణం ముంచుతోంది. ఆ మునకలే 50 హెర్ట్జ్ హమ్. రెండు వైపులా 3300 మైక్రోఫ్యారడ్లు, 35 వోల్టులవి వేశాను, 105 డిగ్రీల రకం. హమ్ పోయింది.

ఇంతకంటే పెద్దవి వేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మరీ పెద్ద కెపాసిటర్ ఇంకా పెద్ద గుక్కలు లాగుతుంది. డయోడ్లకూ అడాప్టర్‌కూ బరువు పెరుగుతుంది. అవసరానికి సరిపడా పెంచి ఆగడమే నాకు నచ్చుతుంది.

మెమరీ బ్యాటరీ సీఆర్2032 కూడా 2.4 వోల్టులకు దిగి ఉంది, ప్యాచ్ పేర్లలో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. కొత్తది వేసి ఫ్యాక్టరీ రీసెట్ చేశాను.

ఇందులోంచి తీసుకోవలసినవి

సెకండ్ హ్యాండ్ సింథ్ కొనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది, బేరం కంటే ముందు వెనక పలక ఫొటో అడగమని. అంకె తర్వాత అల గీత ~ ఉంటే ఏసీ. తిన్నని అడ్డ గీత కింద చుక్కల గీత ఉంటే డీసీ. డీసీ అయితే పక్కన వృత్తాల బొమ్మ ఉంటుంది, మధ్య చుక్కకు ఏ గుర్తు కలిసిందో అదే లోపలి పిన్ను. కంపెనీ పేరు చూసి ఊహించకండి. రోలాండ్, బాస్ 9 వోల్టుల అడాప్టర్లలో మధ్య పిన్ను మైనస్. యమహా 12 వోల్టుల పీఏ-130లో మధ్య పిన్ను ప్లస్. కాసియో అయితే ఒకే ఇంట్లో రెండు తీర్లు: పాత ఏడీ-5లో మధ్య మైనస్, తర్వాతి ఏడీ-ఈ95100లో మధ్య ప్లస్, పైగా ఓల్టేజీ 9.5. గుర్తు చెరిగి ఉంటే మాన్యువల్‌లో చూడాలి, లేదా తెలిసినవాళ్లతో తెరిపించి చూడాలి. స్విచ్ అటూ ఇటూ తిప్పి కనిపెట్టకూడదు.

సాకెట్‌లో పట్టడం ఏ రుజువూ కాదు. ఏసీ అడాప్టర్లకూ డీసీ అడాప్టర్లకూ ఒకే 5.5 మిల్లీమీటర్ల ప్లగ్ వాడతారు. లోపలి రంధ్రం 2.1 ఉండొచ్చు, 2.5 ఉండొచ్చు. 2.5ది 2.1 పిన్ను మీద దూరుతుంది గానీ వదులుగా ఉండి, కదిలితే కరెంటు తెగుతుంది. వేదిక మీద వాయించేవాళ్లకు అది చాలా ఇబ్బంది.

ఓల్టేజీ, కరెంటు రెండింటినీ ఒకే కంటితో చూడకండి. ఓల్టేజీ చెప్పినంతే ఉండాలి. కరెంటు చెప్పినదానికంటే ఎక్కువ ఇవ్వగల అడాప్టర్ అయితే భయం లేదు, వాద్యం తనకు కావలసినంతే తీసుకుంటుంది. పాత, బరువైన డీసీ అడాప్టర్లలో చాలావాటికి రెగ్యులేటర్ ఉండదు. 9 అని రాసి ఉన్నది లోడ్ లేకుండా 12, 13 చూపించవచ్చు. ఆ మోడల్‌తో పాటు వచ్చిందే అయితే కంగారు పడనక్కర్లేదు, లోపలి సర్క్యూట్ దానికి తగ్గట్టే ఉంటుంది. దాన్ని వేరే వాద్యానికి వాడేటప్పుడే ఆలోచించాలి. చేతిలో ఉన్న అడాప్టర్ ఏ రకమో తెలియకపోతే మీటర్‌ను ముందు డీసీలో, తర్వాత ఏసీలో పెట్టి కొలవండి. డీసీలో సున్నా, ఏసీలో పది దాకా చూపిస్తే అది ఏసీ అడాప్టర్.

కొనే చోట పరీక్షించేటప్పుడు తెర చూసి ఆగకండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్నిటికంటే మెత్తని ప్యాచ్‌ను మెల్లగా వాయించండి. శబ్దం తోక చివరిదాకా నున్నగా వినిపించాలి. తర్వాత పది వేళ్లతో కార్డ్ పట్టుకుని రీసెట్ అవుతుందేమో చూడండి. అమ్మేవాళ్లు పెట్టిన అడాప్టర్ మీద అక్షరాలు చదవండి. అది తప్పుదైతే, శబ్దం బాగాలేదని వదిలేసే వాద్యం నిజానికి మంచిదే కావచ్చు. అలాగే తప్పు అడాప్టర్‌తో కొన్నాళ్లు నడిచిన వాద్యంలో వేరే దెబ్బ తగిలి ఉండవచ్చు. సరైన కరెంటు ఇచ్చి చూసేదాకా ఏ తీర్పూ ఇవ్వలేం.

పవర్ సప్లై లోపలే ఉన్న పెద్ద వాద్యాల సంగతి వేరు. 1983 నాటి యమహా డీఎక్స్7, 1988 నాటి కోర్గ్ ఎం1 లాంటివి నేరుగా గోడ కరెంటుకు తగిలేవి. వాటిలో చూడాల్సింది వెనక పలక మీద రాసిన గోడ ఓల్టేజీ. జపాన్ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి. వాటిని 230 వోల్టులకు నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక ఉన్నవి పోతాయి. అలాంటిది కొంటే తగిన వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఖర్చులో కలుపుకోండి. వాటిని మీరే తెరిచి కొలవవద్దు, ప్లగ్ తీసేశాక కూడా కొన్నిటి లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.